భోపాల్‌పట్నం దారిలో పిల్లలు: బడి ఎంతవరకు, పని ఎప్పటినుంచి?

హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా సాగే 163వ నంబరు జాతీయ రహదారి భోపాల్‌పట్నంలో ముగుస్తుంది. ఊరు ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో ఉన్నా సంతలో తెలుగు వినిపిస్తుంది. చుట్టుపక్కల పల్లెల్లో దోర్లా, గోండీ మాట్లాడతారు. బడిలో, ఆఫీసులో హిందీ. ఇంద్రావతి దాటితే మహారాష్ట్రలోని సిరొంచ, గోదావరి దాటితే తెలంగాణలోని ములుగు జిల్లా. ఏటా జనవరి దాటాక ఈ దారి వెంటే కూలీలు తెలంగాణ మిరప చేలకు తరలి వెళతారు. వాళ్లతో బడి ఈడు పిల్లలూ వెళతారు, పదిహేను పదహారేళ్ల వాళ్లూ వెళతారు.

ఇలాంటి పిల్లలకు, యువతకు బతుకుతెరువు చూపించే పని నేర్పాలన్న విషయంలో ఎవరికీ అభ్యంతరం లేదు. ప్రభుత్వాల దగ్గర పథకాలున్నాయి, చట్టాలున్నాయి. ఏ వయసులో, ఏ భాషలో, ఏ పని, ఎక్కడ నేర్పాలన్న దగ్గరే లెక్క తప్పుతోంది. అందులోనూ 14 నుంచి 18 ఏళ్ల మధ్య వాళ్లు బడికీ శిక్షణకీ కాకుండా పోతున్నారు. భోపాల్‌పట్నం ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుని ఈ విషయాన్ని వివరించే ప్రయత్నం ఇది.

ఇక్కడ 'వీధి బాలలు' అంటే ఎవరు?

వీధి బాలలు అనగానే రైల్వే స్టేషన్లు, ఫ్లైఓవర్ల కింద నిద్రలు గుర్తొస్తాయి. చట్టం చూపు అంతకంటే విశాలం. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ఇల్లూ ఆధారమూ లేని పిల్లలతోపాటు, కార్మిక చట్టాలకు విరుద్ధంగా పనిలో ఉన్నవాళ్లు, అడుక్కుంటున్నవాళ్లు, వీధిలో బతుకుతున్నవాళ్లు అందరూ 'సంరక్షణ, రక్షణ అవసరమైన పిల్లలే'. బాలల హక్కుల జాతీయ కమిషన్ మార్గదర్శకాలు కూడా వీళ్లను మూడు రకాలుగా చూస్తాయి: ఒంటరిగా వీధిలో ఉండేవాళ్లు, పగలు వీధిలో గడిపి రాత్రికి ఇల్లు చేరేవాళ్లు, కుటుంబంతో సహా వీధిలోనే ఉండేవాళ్లు.

భోపాల్‌పట్నం లాంటి చోట మొదటి రకం తక్కువ. దాబాల్లో, మెకానిక్ షెడ్లలో, సంతల్లో పనిచేసే పిల్లలు రెండో రకానికి వస్తారు. అమ్మానాన్నల వెంట వెళ్లి మిరప చేను గట్టున గుడిసెలో రెండు మూడు నెలలు ఉండే పిల్లలు మూడో రకానికి దగ్గర. వీళ్లకు ఊళ్లో ఇల్లుంటుంది, కొందరి పేర్లు బడి రిజిస్టర్‌లోనూ ఉంటాయి. అందుకే లెక్కల్లో దొరకరు.

2020 ఏప్రిల్‌లో ఈ పిల్లలు ఒక్కసారిగా దేశమంతటికీ కనిపించారు. లాక్‌డౌన్‌లో పని ఆగిపోయి, ములుగు జిల్లా మిరప చేల నుంచి బీజాపూర్ జిల్లాలోని సొంతూరికి కాలినడకన బయలుదేరిన కూలీల గుంపులో 12 ఏళ్ల ఆదివాసీ బాలిక మూడు రోజులు నడిచింది. ఊరు చేరకముందే దారిలో చనిపోయింది. అప్పట్లో చర్చంతా లాక్‌డౌన్ చుట్టూ, రవాణా చుట్టూ తిరిగింది. పన్నెండేళ్ల పిల్ల ఫిబ్రవరి, మార్చి నెలల్లో బడిలో కాకుండా మిరప చేలో ఎందుకుంది అన్న ప్రశ్న వెనక్కి పోయింది.

బడి పోయిన కాలం

దీనికి జవాబు కొంత చరిత్రలో ఉంది. 2005లో బీజాపూర్ ప్రాంతంలోని కుట్రు దగ్గర సల్వాజుడుం మొదలైంది. జుడుంకీ మావోయిస్టులకూ మధ్య వందల పల్లెలు నలిగాయి. కొందరు శిబిరాలకు చేరారు, కొందరు అడవిలోకి వెళ్లారు. వేలమంది గోదావరి దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. తెలుగువాళ్లు గుత్తికోయలని పిలుస్తున్నది వీళ్లనే. బడి భవనాలు కొన్ని బలగాల మకాములయ్యాయి, కొన్నింటిని మావోయిస్టులు కూల్చారు. బడులు మూతపడ్డ చోట్ల పిల్లల కోసం ప్రభుత్వం రోడ్డు పక్కన పోర్టా కేబిన్లు అనే తాత్కాలిక కట్టడాల్లో ఆశ్రమ పాఠశాలలు పెట్టింది.

అదే సమయంలో యువకుల ముందు ఇంకో 'ఉద్యోగం' నిలబడింది. ఐదో తరగతి చదివిన ఆదివాసీ యువకులను స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా తీసుకుని, రెండు నెలల శిక్షణ ఇచ్చి, తుపాకీ చేతికిచ్చారు. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం. నందినీ సుందర్ వేసిన కేసులో 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఈ విధానాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. అంత తక్కువ చదువు, అంత తక్కువ శిక్షణతో పిల్లకాయలను పోరు ముందు వరసలో నిలబెట్టడం వాళ్ల జీవించే హక్కును కాలరాయడమేనని తేల్చింది. చదువు ఆగిపోయిన యువకుడికి వేరే దారి లేకపోతే ఎవరు ముందు పిలిస్తే వాళ్ల వెంట వెళతాడు. రెండు పక్షాలూ తమ తమ పద్ధతిలో ఆ ఖాళీని వాడుకున్నాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం బీజాపూర్ జిల్లా అక్షరాస్యత సుమారు 41 శాతం. రాష్ట్ర సగటు 70. మూతపడ్డ బడుల్లో చాలావాటిని ఇటీవలి సంవత్సరాల్లో మళ్లీ తెరిచారు. కానీ ఆ మధ్యకాలంలో బడి ఈడు దాటిపోయినవాళ్లు ఇప్పుడు ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్నారు. వాళ్ల పిల్లలు ఇప్పుడు మిరప చేను గట్టున ఉన్నారు.

చట్టం గీసిన వయసు గీతలు

పని నేర్పడం గురించి మాట్లాడే ముందు వయసు చూడాలి. చట్టం మూడు గీతలు గీసింది.

*14 ఏళ్లలోపు:* ఈ వయసులో బడి తప్ప మరో మాట లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య ఇవ్వాలంటుంది. బడి మానేసిన పిల్లలను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, మిగతావాళ్లను అందుకునేందుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ చెబుతుంది. టీసీ ఆలస్యమైందనో, వయసు ధ్రువపత్రం లేదనో చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ 14 ఏళ్లలోపు పిల్లలతో అన్ని రకాల పనులనూ నిషేధించింది. బడి వేళల తర్వాత సొంత కుటుంబ పనిలో సాయపడటానికి మాత్రం మినహాయింపునిచ్చింది. ఈ మినహాయింపును మేస్త్రీలు, రైతులు తమకు అనుకూలంగా చెప్పుకుంటుంటారు. అమ్మానాన్నల పక్కనే కాయ ఏరినా, చేను పరాయివాళ్లదైనప్పుడు, పని కూలికి చేస్తున్నప్పుడు అది కుటుంబ పని కాదు.

*14 నుంచి 18:* ప్రమాదకరమైన పనులు నిషేధం, మిగతావి చేయవచ్చు. అప్రెంటిస్ చట్టం, ఐటీఐ ప్రవేశాలు రెండూ 14 ఏళ్లనే కనీస వయసుగా పెట్టుకున్నాయి. పని నేర్చుకోవడానికి చట్టం తలుపు తెరిచేది ఇక్కడే.

*18 దాటాక:* పూర్తి స్థాయి శిక్షణ, ఉద్యోగం. బాలల సంరక్షణ గృహాల్లో పెరిగినవాళ్లకు 18 నిండాక కూడా 21 ఏళ్ల వరకు, అవసరమైతే 23 వరకు ఆసరా ఇవ్వవచ్చు. మిషన్ వాత్సల్య పథకం కింద ఇందుకు నెలకు 4,000 రూపాయలు అందుతాయి.

ఉన్న ఏర్పాట్లు

కాగితం మీద ఛత్తీస్‌గఢ్ మిగతా రాష్ట్రాలకంటే ముందుంది. 2013లో యువతకు నైపుణ్య శిక్షణను హక్కుగా ఇస్తూ చట్టం చేసిన మొదటి రాష్ట్రం అదే. 14 నుంచి 45 ఏళ్ల వయసువాళ్లు తమకు నచ్చిన పనిలో శిక్షణ కోరితే 90 రోజుల్లోగా అవకాశం కల్పించాలి. అంతకుముందే 2011లో దంతెవాడలో లైవ్లీహుడ్ కాలేజీ మొదలైంది. పెద్దగా చదువుకోని ఆదివాసీ యువతకు హాస్టల్ పెట్టి తక్కువ కాలంలో పని నేర్పడం దాని ఉద్దేశం. తర్వాత ఆ నమూనాను మిగతా జిల్లాలకు విస్తరించారు.

కేంద్రం వైపు నుంచి తీవ్రవాద ప్రభావిత జిల్లాల కోసం 2013 జూన్‌లో 'రోష్ని' మొదలైంది. 18 నుంచి 35 ఏళ్ల వాళ్లకు, వాళ్ల చదువును బట్టి 3 నుంచి 12 నెలల శిక్షణ. 2014లో వచ్చిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన 15 నుంచి 35 ఏళ్ల వాళ్లకు వర్తిస్తుంది. అందులో సగం ఎస్సీ, ఎస్టీలకు, మూడో వంతు మహిళలకు కేటాయించాలి. ఇవి కాక తీవ్రవాద ప్రభావిత జిల్లాల్లో ఐటీఐలు, నైపుణ్య కేంద్రాలు కట్టే పథకం ఉంది.

ఇన్ని ఉన్నా మిరప చేలకు వెళ్లే దారి ఖాళీ కాలేదు.

ఎక్కడ జారిపోతున్నారు

మొదటిది చదువు అర్హత. ఐటీఐలో కొన్ని ట్రేడ్లకు ఎనిమిదో తరగతి, చాలావాటికి పదో తరగతి ఉండాలి. నాలుగో తరగతిలో బడి మానేసిన పదహారేళ్ల కుర్రాడికి వయసు సరిపోతుంది, చదువు సరిపోదు. రోష్ని లాంటి పథకానికి చదువు సరిపోవచ్చు, వయసు సరిపోదు. ఆ రెండేళ్లు అతను ఖాళీగా కూర్చోడు. మేస్త్రీ పిలిచిన ట్రాక్టర్ ఎక్కుతాడు.

రెండోది భాష. ఇంట్లో దోర్లా, సంతలో తెలుగు, శిక్షణలో హిందీ, ఉద్యోగం వచ్చిన పట్నంలో మరో భాష. వైరింగ్ చేయడం చేత్తో నేర్చుకోవచ్చు గానీ, ఏది ముట్టుకోకూడదో మాట అర్థమైతేనే తెలుస్తుంది. ప్రమాదాలు జరిగేది అక్కడే.

మూడోది క్యాలెండర్. నవంబరు, డిసెంబరు వరికోతలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు. ఏప్రిల్, మేలలో తునికాకు. బడిలో వార్షిక పరీక్షలు సరిగ్గా మిరప కోతల మీద పడతాయి. శిక్షణ బ్యాచ్ ఫిబ్రవరిలో మొదలుపెడితే అందులో చేరేది ఊళ్లో మిగిలిపోయినవాళ్లే తప్ప, అసలు అవసరమున్న వలస కుటుంబాల పిల్లలు కాదు.

నాలుగోది కూలి. పదిహేనేళ్ల పిల్ల మిరప చేలో తెచ్చే కూలి ఆ ఇంటికి రెండు మూడు నెలల బియ్యం, ఉప్పు, మందులు. కొన్ని చోట్ల కూలి మిర్చి రూపంలోనే ముడుతుంది. దాన్ని అమ్ముకుంటేనే డబ్బు. ఆ నష్టానికి బదులు చూపించని శిక్షణ ఎంత మంచిదైనా ఆ ఇంటికి ఖర్చే.

ఐదోది కాగితాలు. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డ్ తెగగా ఉన్న కుటుంబం గోదావరి దాటి స్థిరపడితే తెలంగాణలో ఆ గుర్తింపు దొరకదు. గుత్తికోయ పిల్లలు కుల ధ్రువపత్రం దగ్గర ఆగిపోవడం ఇరవై ఏళ్ల సమస్య. ఇటు హాస్టల్ సీటు, అటు రిజర్వుడ్ శిక్షణ సీటు రెండూ ఆ కాగితంతోనే ముడిపడి ఉన్నాయి.

చివరిది దూరం. అడవి పల్లె నుంచి తీసుకెళ్లి మూడు నెలలు కుట్టు మిషన్ నేర్పి, దక్షిణాదిలోని ఏదో బట్టల ఫ్యాక్టరీలో చేర్చగానే ప్లేస్‌మెంట్ లెక్క పూర్తవుతుంది. ఆ అమ్మాయి ఆరు నెలల తర్వాత అక్కడే ఉందా, అద్దె, తిండి పోగా ఏం మిగిలింది, అనారోగ్యం వస్తే ఎవరికి ఫోన్ చేసింది అన్నవి ఆ లెక్కలో పడవు.

తెలుగు నేల నేర్పిన పాఠాలు

ఈ సమస్యల్లో చాలావాటితో తెలుగు జిల్లాలు ముందే తలపడ్డాయి. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ చేసిన పని ఇందులో ముఖ్యమైనది. బడికి వెళ్లని ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ బాల కార్మికులేనని ఆ సంస్థ వాదించింది. పని చేస్తూ రాత్రి బడి, పిల్లలకు వృత్తి శిక్షణ అనే మధ్యేమార్గాలను ఒప్పుకోలేదు. పనిలోంచి తెచ్చిన పిల్లలను శిబిరాల్లో ఉంచి, బ్రిడ్జి కోర్సు చదివించి, వయసుకు తగ్గ తరగతిలో చేర్చింది. సంస్థను నడిపించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసె అవార్డు వచ్చింది. 2007లో ఆమె బాలల హక్కుల జాతీయ కమిషన్‌కు తొలి చైర్‌పర్సన్ అయ్యారు. ఆమె హయాంలోనే, 2010 చివర్లో, ఘర్షణ ప్రాంతాల కోసం 'బాలబంధు' మొదలైంది. ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, బిహార్, అస్సాం రాష్ట్రాల్లోని కొన్ని జిల్లాల్లో స్థానిక యువతీ యువకులే ఇంటింటికీ తిరిగి పిల్లలను బడికి, అంగన్‌వాడీకి చేర్చారు. పిల్లల్ని బడికి చేర్చడం అక్కడ యువతకు పని కూడా అయింది.

విజయవాడలో 1989లో మొదలైన నవజీవన్ బాలభవన్‌ది వేరే అనుభవం. రైల్వే జంక్షన్‌కు చేరే పిల్లలతో పనిచేసిన ఆ సంస్థకు ముందు నేర్పాల్సింది వృత్తి కాదు. రాత్రి పడుకోవడానికి చోటు, అన్నం, నమ్మకం, వీలైతే ఇంటికి తిరిగి దారి. ఆ తర్వాతే బడి, పెద్దపిల్లలకు పని. వీధిలో కొన్నేళ్లు గడిపిన పిల్లలను నేరుగా వర్క్‌షాప్‌లో కూర్చోబెడితే నిలవరన్నది ఇలాంటి సంస్థలన్నిటికీ తెలిసిన సంగతి.

18 దాటినవాళ్ల విషయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2005లో ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్‌ను పెట్టింది. ముందు కంపెనీకి ఎలాంటి మనిషి కావాలో కనుక్కుని ఆ తర్వాత పల్లె యువతకు శిక్షణ ఇవ్వడం, పట్నం చేరాక మొదటి నెలల్లో ఆసరాగా నిలవడం దాని పద్ధతి. తర్వాత వచ్చిన కేంద్ర పథకాలు ఈ పద్ధతి నుంచి చాలా తీసుకున్నాయి.

భాష విషయంలోనూ దగ్గర్లోనే ఉదాహరణ ఉంది. 2017లో రాచకొండ పోలీసుల చొరవతో ఇటుక బట్టీల దగ్గర ఒడిశా వలస కూలీల పిల్లలకు ఒడియా టీచర్లతో బడులు నడిచాయి. ఊళ్లో చదివిన భాషలోనే ఇక్కడా చదివితే, తిరిగి వెళ్లాక అదే తరగతిలో కొనసాగవచ్చు. ఇటుక బట్టీల దగ్గర చేయగలిగింది మిరప చేల దగ్గర చేయలేమనడానికి కారణం లేదు.

ఏ పని నేర్పాలి?

భోపాల్‌పట్నం చుట్టూ ఉన్న ఆర్థిక వ్యవస్థను చూస్తే జవాబు దొరుకుతుంది. తునికాకు, ఇప్ప, చింతపండు, సారపప్పు, వెదురు ఇక్కడి సరుకు. 2018 ఏప్రిల్ 14న దేశంలో మొదటి వన్‌ధన్ వికాస్ కేంద్రం బీజాపూర్ జిల్లాలోనే మొదలైంది. 43.38 లక్షల రూపాయలతో 300 మందికి చింతపండు దిమ్మెలు చేయడం, ఇప్పపువ్వు నిల్వ, సారపప్పు శుభ్రం చేసి ప్యాక్ చేయడం నేర్పాలన్నది ఆలోచన. ఆలోచన సరైనదే. అయితే చింతపండు దిమ్మె చేయడం వారంలో వస్తుంది. తూకం, తేమ, గ్రేడు, ధర, బిల్లు, బ్యాంకు లెక్క రావడానికి ఏడాది పడుతుంది. ఆదివాసీ ఇల్లు నష్టపోతున్నది ఈ రెండో దాంట్లోనే. పదహారేళ్ల పిల్లలకు నేర్పాల్సిన మొదటి విద్య తూకం రాయి చదవడమని చెప్పినా అతిశయోక్తి కాదు.

రెండో వరసలో వచ్చేవి రోడ్డు, కరెంటు తెచ్చిన పనులు. ముల్లకట్ట దగ్గర గోదావరి మీద, తిమేడ్ దగ్గర ఇంద్రావతి మీద వంతెనలు వచ్చాక లారీలు, బైకులు పెరిగాయి. బైకు రిపేరు, పంక్చర్, మోటార్ వైండింగ్, సోలార్ పంపుల మరమ్మతు, సెల్‌ఫోన్ రిపేరు, తాపీ పని, ప్లంబింగ్ లాంటి పనులకు ఊళ్లోనే గిరాకీ ఉంటుంది. మిరప సాగు తెలిసిన పిల్లలకు డ్రిప్, నర్సరీ, పురుగుమందుల జాగ్రత్తలు నేర్పితే కూలి నుంచి ఒక మెట్టు పైకి ఎక్కుతారు. 18 నిండనివాళ్లను మాత్రం పురుగుమందు పిచికారీ దగ్గరికి రానివ్వకూడదు.

పట్నం ఉద్యోగాలు వద్దని కాదు. నర్సింగ్ సహాయకులు, డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లుగా వరంగల్, హైదరాబాద్ వెళ్లాలనుకునేవాళ్లు వెళ్లాలి. తెలుగు వచ్చిన భోపాల్‌పట్నం యువతకు రాయ్‌పూర్ కంటే ఆ ఊళ్లు దగ్గర కూడా.

రెండు రాష్ట్రాలు చేయగలిగినవి

కొత్త పథకం అక్కర్లేకుండా, ఉన్న చట్టాలతోనే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

ఒకటి, మిరప కాలంలో పిల్లలు ఊళ్లోనే ఉండేలా సీజనల్ హాస్టళ్లు. వలస వెళ్లే కుటుంబాల పిల్లలను జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఊరి బడిలోనే ఉంచి తిండి పెట్టే ఈ పద్ధతి ఒడిశా పశ్చిమ జిల్లాల్లో అమలైంది. అయినా వచ్చే పిల్లల కోసం ములుగు వైపు చేల దగ్గర వర్క్‌సైట్ బడులు.

రెండు, 14 దాటిన బడి మానేసినవాళ్లకు చదువు, పని కలిపి నేర్పే ఏడాది కోర్సు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ 14 నిండినవాళ్లకు ఎనిమిదో తరగతికి సమానమైన స్థాయి వరకు చదివిస్తుంది, పదో తరగతిని తెలుగు మాధ్యమంలోనూ రాయనిస్తుంది. ఉదయం ఇది, మధ్యాహ్నం వర్క్‌షాప్. జూన్‌లో మొదలై డిసెంబరుకల్లా మొదటి సర్టిఫికెట్ చేతికొస్తే, జనవరిలో ట్రాక్టర్ ఎక్కాలా వద్దా అన్నది ఆ కుర్రాడు నిర్ణయించుకోగలుగుతాడు.

మూడు, శిక్షణ కాలంలో ఇంటికి చేరే స్టైపెండ్. మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ కింద అర్హులైన పిల్లలకు నెలకు 4,000 ఇచ్చే వీలుంది. పిల్లల సంక్షేమ కమిటీల ద్వారా దాన్ని ఈ కుటుంబాల దాకా తేవచ్చు.

నాలుగు, ఛత్తీస్‌గఢ్ చట్టంలోని 90 రోజుల హక్కును సంతలో, తెలుగులో, దోర్లాలో చెప్పడం. దరఖాస్తు చేసుకోవాలని తెలియనివాళ్లకు 90 రోజుల గడువు ఎన్నటికీ మొదలు కాదు.

ఐదు, సరిహద్దుకు రెండు వైపులా ఒకే జాబితా. బీజాపూర్, ములుగు, భద్రాద్రి కొత్తగూడెం, గడ్చిరోలి జిల్లాలు మిరప కాలానికి ముందే కూర్చుని ఏ ఊరి నుంచి ఎందరు పిల్లలు వస్తున్నారో పంచుకోవాలి. దారిలో కష్టంలో ఉన్న పిల్లలు కనిపిస్తే 1098కి ఫోన్ చేయవచ్చు. వాళ్లను 24 గంటల్లోగా పిల్లల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి.

మావోయిజాన్ని 2026 మార్చి 31 నాటికి అంతం చేస్తామని కేంద్రం గడువు ప్రకటించుకుంది. లొంగిపోయినవాళ్లకు పునరావాసం, పని శిక్షణ ఆ ప్రణాళికలో ఉన్నాయి. అది అవసరమే. కానీ తుపాకీ పట్టి, దించినవాడికి దొరికే శిక్షణ, ఎన్నడూ తుపాకీ ముట్టకుండా మిరప చేలో కాయ ఏరిన పదహారేళ్ల పిల్లకు కూడా దొరకాలి. పుస్తకంలో ఆమెకు ఆ హక్కు 2013 నుంచీ ఉంది. వచ్చే జనవరికి ముందు అది భోపాల్‌పట్నం చేరుతుందా అన్నదే చూడాల్సింది.